వంతు వాచీ

2023 జులై 23, ఆదివారం. రాత్రి 8:40

గుంటూరు వెళ్లి వాచీ తెచ్చుకున్నాను. సిటిజన్ ప్రోమాస్టర్, ఎన్‌వై0040 రకం. నల్ల డయలు, లావుపాటి చుక్కలు, చుట్టూ తిప్పుకునే రింగు, రింగు మీద సున్నా చోట ముక్కోణం గుర్తు. నిరుటి రేటు లెక్కన దాదాపు రెండు టిక్కీల (బస్తాల) మిరపకాయలు దీని ధర. మూడు నెలలు ఆలోచించి కొన్నాను, ఇంట్లో చెప్పే కొన్నాను. "పదేళ్లు కట్టేదైతే కొనండి, రెండేళ్లకి మూలన పడేసేదైతే వద్దు" అంది మా ఆవిడ. ఆ మాట న్యాయమైనది. పదేళ్లు కట్టదగ్గదో కాదో తెలియాలంటే మొదటి ఏడాది దీన్ని జాగ్రత్తగా గమనించాలి. అందుకే ఈ నోటుబుక్కు. ఈ ఏటి మిరపకాయ మార్కెట్ యార్డుకి చేరేదాకా రాస్తాను.

షాపులో కుర్రాడు "మిలిటరీ మోడల్ సార్, చేతికి నిండుగా ఉంటుంది" అన్నాడు. నిండుదనం కోసం కొనలేదు. నిరుడు గేదెల్ని కడుగుతుంటే నా పాత వాచీ అద్దం లోపల ఆవిరి పట్టి, వారంలో ముళ్లు ఆగిపోయాయి. నీళ్లకు ఓరుస్తుందని, 30 మీటర్లని వెనకమూత మీద అచ్చు వేసే ఉంది. ఆ 30 మీటర్లంటే అంత లోతుకి దిగొచ్చని కాదట. వానజల్లుకి, చేతులు కడుక్కుంటే చిందే నీళ్లకి ఆగుతుందని మాత్రమేనట. వాచీ పోయాక తెలిసింది.

దీని మీద 200 మీటర్లని ఉంది. డైవర్ల వాచీలకు ఐఎస్ఓ 6425 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం చెప్పిన లోతు కన్నా పాతిక శాతం ఎక్కువ ఒత్తిడిలో పెట్టి పరీక్షించాలి. అదీ నూటికో వెయ్యికో ఒకటి తీసి కాదు, ప్రతి వాచీనీ. 200 మీటర్లంటే 656 అడుగులు. మా బావమరిది కనిగిరి అవతల పోయినేడు వేయించిన బోరు సరిగ్గా ఆరొందల యాభై అడుగులు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. సముద్రంలో సైనికుల కోసం పుట్టిన వాచీ ఎంత లోతుని తట్టుకుంటుందో, మా జిల్లాలో మనిషి బిందెడు నీళ్ల కోసం అంత లోతుకి పోతున్నాడు.

ఇంకొకటి నచ్చింది. కీ ఇచ్చే గుండీ అన్ని వాచీల్లో లాగా మూడు దగ్గర లేదు, ఎడమపక్క ఎనిమిది దగ్గర ఉంది. పార పట్టి మణికట్టు వంచితే చేతి వెనక గుచ్చుకోదు.

జులై 26, బుధవారం. రాత్రి 9:05

రింగుకి మొదటి పని పడింది. నారు పోయడానికి లాం 334 మిరప విత్తనం శుద్ధి చేశాను. లీటరు నీళ్లకి 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేటు, అందులో 20 నిమిషాలు నానాలి, తర్వాత మంచినీళ్లతో బాగా కడిగి నీడన ఆరబెట్టాలి. వైరస్ తెగులు విత్తనంతో రాకుండా శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతి. ఏటా ఇరవై నిమిషాలు అనుకుంటూ ఏదో పనిలో పడి అరగంట చేసేవాణ్ణి. ఇవాళ ముక్కోణాన్ని పెద్దముల్లుకి ఎదురుగా పెట్టాను. ముల్లు రింగు మీద 20 అంకెకి రాగానే బకెట్టు వంపేశాను.

రింగు ఎడమకే తిరుగుతోంది. కుడికి తిప్పబోతే కదల్లేదు. చెడిందేమోనని విశాఖపట్నంలో అల్లుడికి ఫోన్ చేశాను. వాడు మా అక్క కొడుకు, నేవీలో చేస్తాడు, డైవర్లతో తిరిగినవాడు.

"చెడలేదు మావయ్యా, అట్లాగే ఉండాలి. డైవరు నీళ్లలోకి దిగేటప్పుడు ముక్కోణాన్ని పెద్దముల్లు మీద పెట్టుకుంటాడు. ఎన్ని నిమిషాలైందో చూసుకుని ఇంకా ఎంత గాలి ఉందో లెక్క కడతాడు. నీళ్లలో రాయికో తాడుకో తగిలి రింగు జరిగిందనుకో, గడిచిన టైము ఎక్కువ చూపించాలి గానీ తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపిస్తే ముందే పైకొస్తాడు. తక్కువ చూపిస్తే రాడు."

ఆ చివరి మాట దగ్గర ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇప్పుడు డైవర్ల చేతికి చిన్న కంప్యూటరు ఉంటుందట. అది మొరాయిస్తే చూసుకోవడానికి వాచీ. అయినా లెక్క మాత్రం పాతదే. "చివర్లో మిగిలిన గాలి కింద పని చెయ్యడానికి కాదు మావయ్యా, పైకి రావడానికి" అన్నాడు.

ఆగస్టు 13, ఆదివారం. ఉదయం 6:20

మూడు వారాల లెక్క. రోజూ పొద్దున ఫోన్లో టైముతో పోల్చి రాసుకున్నాను. సగటున రోజుకి 11 సెకన్లు ముందుకి పోతోంది. రాత్రి అద్దం పైకి ఉండేట్టు పెడితే కొంచెం ఎక్కువ, పక్కకి నిలబెడితే కొంచెం తక్కువ. కంపెనీ చెప్పే హద్దు రోజుకి 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు వరకు, కాబట్టి ఇది మంచి నడకే. కానీ ఒకటి ఒప్పుకోవాలి. టైము కచ్చితంగా ఉండటమే కావాలనుకుంటే అయిదొందల బ్యాటరీ వాచీ దీనికన్నా మేలు. అది నెలలో తప్పేది ఇది రెండు రోజుల్లో తప్పుతుంది. దీనికి బ్యాటరీ లేదు, చెయ్యి ఊపుకే స్ప్రింగు చుట్టుకుంటుంది. రెండు రోజులు బల్లమీద వదిలేస్తే ఆగిపోతుంది. నాకు ఇదే ఇష్టం. పనిచేసే చేతి మీద నడిచేదేదైనా నాకు ఇష్టం.

అల్లుడు వీటి పుట్టుక గురించి రాసి పంపాడు. 1950ల మొదట్లో ఫ్రాన్సులో రాబర్ట్ మలుబియే, క్లోద్ రిఫో అనే ఇద్దరు అధికారులు నీళ్లడుగున పోరాడే దళాన్ని తయారుచేస్తూ, తమ మనుషులకి తగ్గ వాచీ బజారులో దొరక్క, ఎలా ఉండాలో తామే చెప్పారు. నల్ల డయలు, చీకట్లో వెలిగే పెద్ద గుర్తులు, బయట తిరిగే రింగు. బ్లాంపా కంపెనీ వాళ్లకోసం చేసింది. 1953లో వచ్చిన ఆ వాచీ పేరు ఫిఫ్టీ ఫాదమ్స్. ఫాదమ్ అంటే ఆరడుగులు, మనిషి రెండు చేతులూ బార చాపితే వచ్చే కొలత. అదే ఏడాది రోలెక్స్ వాళ్ల సబ్‌మరీనర్ కూడా. ఇప్పుడు నా చేతికున్న దాని ముఖం ఆ ఇద్దరు చెప్పిన ముఖమే. ఎవరో కూర్చుని అందంగా గీసింది కాదు. పనిలో ఇబ్బంది పడ్డవాళ్లు అడిగి చేయించుకున్నది.

సెప్టెంబరు 10, ఆదివారం. రాత్రి 8:15

నాట్లు అయిపోయాయి. ఆగస్టంతా చినుకు లేదు. దేశం మొత్తానికి 1901 నుంచి ఇంత ఎండు ఆగస్టు లేదని వాతావరణ శాఖ చెప్పింది. నారుకి బిందెలతో పోసి బతికించాం.

వాచీతో వచ్చిన రబ్బరు బెల్టు పొడుగుది. సముద్రపు సూటు మీద కట్టుకోవడానికి అంత పొడుగు. దాని మీద ఏ లోతులో ఎన్ని నిమిషాలు ఉండొచ్చో అచ్చు వేశారు. కానీ ఎండలో కింద చెమట నిలిచి మణికట్టు చుట్టూ పొక్కింది. అది తీసేసి బూడిద రంగు నైలాను పట్టీ వేశాను, 20 మిల్లీమీటర్ల వెడల్పు. ఇదీ సైన్యం నుంచి వచ్చిందే. బ్రిటిష్ రక్షణశాఖ 1973లో ఇలాంటి పట్టీకి కొలతలు రాసి పెట్టింది. ఒకే ముక్క, వాచీ కిందుగా దూరి పోతుంది, ఒకవైపు పిన్ను ఊడినా వాచీ కింద పడదు. గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది. పొక్కు నాలుగు రోజుల్లో తగ్గింది.

రేగడి మన్ను సంగతి రాయాలి. నాట్ల రోజున తడి మన్ను రింగు కిందికి పోయింది. సాయంత్రానికి ఆరి, రింగు బిగుసుకుపోయింది. మా రేగడి ఎండితే రాయి, తడిస్తే జిగురు. బలవంతం చెయ్యకుండా గోరువెచ్చటి నీళ్లలో పావుగంట పెట్టి, పాత పళ్లబ్రష్షుతో అంచు చుట్టూ తోమాను. తిప్పుతూ తోమి, తోమి తిప్పగా టిక్కుటిక్కుమని మళ్లీ పలికింది. సముద్రంలో ఉప్పు పట్టినా ఇదే వైద్యమట. ఇకనుంచి చేలో నుంచి రాగానే పంపు కింద కడగాలి. కడిగే ముందు గుండీ బిగించి ఉందో లేదో చూడాలి. అది మరతో బిగుసుకునే గుండీ. బిగించడం మర్చిపోతే 200 మీటర్లన్న మాటకి విలువ లేదు.

అక్టోబరు 19, గురువారం. రాత్రి 9:30

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

మా మూడు చేలకి కలిపి ఒకటే బోరు. పడమటి చేను బాబాయిది, నడిమి చేను అన్నది, తూర్పుది నాది. పగటి కరెంటు తొమ్మిది గంటలు లెక్క వేసుకుని మనిషికి మూడు గంటల వంతు. వానలున్న ఏడు వంతుల గొడవ ఉండదు. ఈ ఏడు మిరపకి మూడో తడికే నీళ్లు తగ్గాయి. వంతు ముగిసే వేళకి బోరు గాలి పోస్తోంది. గొట్టంలో గురగుర వినపడిన తర్వాత కూడా మోటారు ఆడితే కాలిపోతుంది. బయటికి తీసి చుట్టించి మళ్లీ దించేసరికి వారం పోతుంది, ఆ వారంలో చేను పోతుంది.

మూడు గంటలంటే రింగు ఎలా పనికొస్తుందని మొదట అనుకున్నాను, దాని మీద ఉన్నది అరవై నిమిషాలే. ముక్కోణాన్ని పెద్దముల్లు మీద కాకుండా చిన్నముల్లు మీద పెట్టాలి. చిన్నముల్లు గంటకి అయిదు గీతలు నడుస్తుంది. పదిహేనో గీతకి వచ్చిందంటే మూడు గంటలు. నాలుగు వంతులు వరసగా చూశాను. రెండు గంటల నలభై నిమిషాలకి బోరు గాలి పట్టడం మొదలవుతోంది. కాబట్టి రెండున్నరకి ఆపేస్తున్నాను. మిగిలిన అరగంట బోరులో నీళ్లు ఊరడానికి. అల్లుడు చెప్పిన మాట ఇక్కడ మోటారు షెడ్డు దగ్గర నాకు బాగా అర్థమైంది. అక్కడ సిలిండరులో గాలి తరిగి ప్రాణం మీదికొస్తుంది. ఇక్కడ బోరులో నీళ్లు తరిగి గాలి వస్తుంది. రెండు చోట్లా ఆఖరి కొంత వాడుకోవడానికి కాదు.

ఇవాళ బాబాయి వంతులో కరెంటు పోయింది. పోయినప్పుడు నేను షెడ్డు దగ్గరే ఉన్నాను. ఆ క్షణాన ముక్కోణాన్ని పెద్దముల్లు మీదికి తెచ్చాను. వచ్చేసరికి రింగు మీద 22. బాబాయి చేలోనుంచి వచ్చి "నలభై నిమిషాలు పోయిందిరా" అన్నాడు. ఏటా ఇక్కడే మాట పెరుగుతుంది. చెయ్యి చాపి చూపించాను.

"ఇదేంది, ఈ రింగు నువ్వు జరిపి ఉండొచ్చుగా?"

"ఇది ఒకవైపే తిరుగుద్ది బాబాయ్. జరిగితే ఇరవై రెండు కాస్తా పాతికవుద్ది, ముప్పై అవుద్ది. నీకే లాభం. తగ్గడం మాత్రం ఉండదు."

ఆయన నా చెయ్యి పట్టుకుని తనే కుడికి తిప్పి చూశాడు. కదల్లేదు. ఎడమకి ఒక్క గీత తిప్పాడు, టిక్కుమంది. "సరే, ఇరవై రెండే" అని వెళ్లిపోయాడు.

నా వంతులో అయితే రింగు పొరపాటున జరిగినా గడిచిన టైము ఎక్కువ చూపి నన్నే ముందు ఆపేస్తుంది. వంతు లెక్క పట్టేవాడి చేతికి, తప్పు జరిగితే తనకే నష్టం వచ్చే పనిముట్టు ఉండటం మంచిది. ఫోన్లో టైము చూడొచ్చు కదా అని అన్న అడిగాడు. ఫోను చొక్కా జేబులో, చొక్కా వేపచెట్టు కొమ్మకి, చేతులు మోచేతుల దాకా మన్ను. పోయినేడు ఒక ఫోను బోదెలో పడి పోయింది కూడా.

నవంబరు 5, ఆదివారం. సాయంత్రం 6:50

పూతలో నల్ల తామర పురుగు కనపడింది. 2021లో ఈ పురుగే గుంటూరు, ప్రకాశం చేలను ఊడ్చేసింది. ఆ ఏడు చేను పీకేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇవాళ మందు కొట్టాం. మందు కొట్టేటప్పుడు వాచీ తీసి షెడ్డులో మేకుకి తగిలించాను. నీళ్లకి తట్టుకునేవన్నీ మందులో ఉండే ద్రావకాలకి తట్టుకుంటాయని నమ్మకం లేదు, రబ్బరు వాషర్లకి అది మంచిది కాదు. అంతకన్నా ముఖ్యం, నైలాను పట్టీ మందు పీల్చి రోజంతా ఒంటికి అంటించుకుని ఉంచుతుంది. చేతికి గ్లౌజు, దాని కింద ఏమీ ఉండకూడదు.

డిసెంబరు 6, బుధవారం. రాత్రి 7:30

చేతులు వణుకుతున్నాయి, అక్షరాలు సరిగా రావడం లేదు.

నవంబరు 30 తెల్లవారుజామున నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురు నిలబడ్డారని, కుడికాలువకి నీళ్లు వదిలారని టీవీలో చూశాం. నీళ్ల కోసం అంత జరిగిన వారం తిరక్కుండానే మిచాంగ్ తుఫాను. నిన్న మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. మొన్న రాత్రి నుంచి ఇవాళ పొద్దుటిదాకా వాన, గాలి. పత్తి రెండో తీతకి విచ్చుకున్న కాయలన్నీ తడిసి ముద్దయ్యాయి, దూది రంగు పోయింది. మిరపచెట్లు కాయ బరువుకి తడిసిన నేలలో పక్కకి ఒరిగాయి.

నిన్న పొద్దున ఆరు నుంచి అన్న, బాబాయి, నేను పారలు పట్టి మూడు చేల గట్లు తెంచి నీళ్లు వాగులోకి మళ్లించాం. మిరప వేరు నీళ్లలో నానితే చెట్టు వడలిపోతుంది, తర్వాత ఏం చేసినా లేవదు. సాళ్లలో ఒక కర్ర పాతి, అరగంటకోసారి నీటి మట్టానికి గీత పెట్టాను. మొదటి రెండు గంటలు గీత కదల్లేదు, వాన ఎంత పోస్తోందో మేం అంత పంపుతున్నాం. మధ్యాహ్నం గాలి మరీ ఎక్కువై గట్టు కింద కూర్చున్నాం. మూడింటి తర్వాత గీతలు దిగడం మొదలుపెట్టాయి. అరగంటకి వేలెడు, తర్వాత రెండు వేళ్లు. రాత్రి పదకొండుకి సాళ్లు బయటపడ్డాయి. చీకట్లో కర్ర మీద గీత కనపడలేదు గానీ ముల్లు కనపడింది.

రెండు రోజులు తడుస్తూనే ఉంది వాచీ. లోపల ఆవిరి లేదు. అద్దం మీద ఒక గీత పడింది, పార కాడకి తగిలి. ఇది మామూలు ఖనిజపు గాజు, నీలమణి గాజు కాదు, గీతలు పడతాయి.

సిటిజన్ వాళ్ల పాత డైవర్ వాచీ ఒకటి 1983లో ఆస్ట్రేలియా తీరంలో ఇసుకలో దొరికిందట. ఏళ్ల తరబడి సముద్రంలో పడి, ఒంటినిండా గుల్లలు పట్టి, ఇంకా నడుస్తూ. ఆ కథ జులైలో చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. ఇవాళ నా చేతికున్నది నడుస్తుంటే ఊరట కలగలేదు. చేను ఎంత మిగిలిందో రేపు ఎండ వస్తే తెలుస్తుంది.

2024 జనవరి 16, కనుమ. రాత్రి 8:00

ఎకరానికి సగం చెట్లు నిలిచాయి. రాసుకోవడానికి ఇన్నాళ్లూ మనసు రాలేదు.

పండక్కి పెట్టె సర్దుతుంటే నాన్న వాచీ కనపడింది. హెచ్ఎంటీ జనతా, పదిహేడు రాళ్లది, రోజూ కీ ఇచ్చేది. వరలక్ష్మి రకం పత్తి బాగా పండిన రోజుల్లో కొన్నారు. తెల్లదోమ పత్తిని మింగేసిన 1987లో అది ఆయన చేతికి లేదు. చిలకలూరిపేటలో కుదువ పెట్టారని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. ఆ ఏడూ తర్వాతేడూ ప్రకాశం జిల్లాలో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. నాకు పన్నెండేళ్లు. ఊళ్లో పెద్దవాళ్లు సాయంత్రాలు మెల్లగా మాట్లాడుకోవడం గుర్తుంది. మణికట్టు మీద ఏమీ లేకుండా నాన్న టైము కోసం సూర్యుడి వంక చూడటం గుర్తుంది. రెండేళ్లకి విడిపించుకున్నారు. పోయేదాకా తీయలేదు.

పండగ ముందు రోజు రెండు వాచీలూ పట్టుకుని చిలకలూరిపేటలో వాచీలు బాగుచేసే సాయిబు గారి దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్లుగా అదే బల్ల, కంటికి అదే భూతద్దం. జనతా మూత తీసి ఊదారు. "నూనె ఎండిపోయింది నాయనా, కడిగితే నడుస్తుంది" అన్నారు. నా కొత్త దాన్ని చూసి నవ్వారు. "ఇవి రెండూ ఒకే ఇంటి పిల్లలు."

ఆయన చెప్పింది నిజం. 1961లో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ మొదలైనప్పుడు పని నేర్పింది సిటిజన్ కంపెనీయే. మొదటి వాచీలు నెహ్రూ చేతుల మీదుగా వచ్చాయి. సైనికుల కోసం జవాన్ అని ఒక రకం చేశారు. పల్లెల్లో పెళ్లికొడుక్కి పెట్టే వాచీ అంటే హెచ్ఎంటీయే. 2016లో ఆ వాచీల కంపెనీ మూసేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. విడిభాగాలు ఇప్పుడు పాత వాచీల కడుపులోంచే తీసుకోవాలి. "నేను పోతే వీటిని విప్పేవాడు ఉండడు" అన్నారు సాయిబు గారు. జాలి కోసం అన్నది కాదు, ఆయన కొడుకులు వేరే పనుల్లో ఉన్నారు.

కొత్త దాని గురించి ఆయన తీర్పు రాసుకుంటున్నాను: "మిషను గట్టిది, నిలబడుతుంది. మూడు నాలుగేళ్లకోసారి వాషర్లు మార్పించు. మూత ఒకసారి విప్పాక ఒత్తిడి పరీక్ష చెయ్యకుండా నీళ్లలో పెట్టొద్దు. ఆ పరీక్ష మిషను నా దగ్గర లేదు, గుంటూరులో చేయించు." తన దగ్గర లేనిది లేదని చెప్పిన మనిషి మాట నమ్మొచ్చు.

ఫిబ్రవరి 18, ఆదివారం. తెల్లవారుజాము 3:10

కళ్లం మీద కాపలా. టార్చి నోట కరుచుకుని రాస్తున్నాను.

రెండో కోత కాయ పరిచాం. చీకట్లో ఎరుపు కనపడదు, నల్లగా దుప్పటి పరిచినట్టుంది. మంచు పడకుండా పట్టాలు కప్పాం. పక్క కళ్లంలో అన్న నిద్రపోయాడు. వంతులేసుకుని మేలుకుంటున్నాం, నాది రెండు నుంచి నాలుగున్నర.

ముళ్లు ఇంకా వెలుగుతున్నాయి. సాయంత్రం ఎండలో ఉన్నాయి, ఇప్పటికి తొమ్మిది గంటలు. మొదట్లో ఆకుపచ్చగా మండినట్టుండేది, ఇప్పుడు మసకే, కానీ చీకటికి అలవాటుపడ్డ కంటికి చాలు. మేం దీన్ని రేడియం అంటాం. రేడియం వాచీ, రేడియం స్టిక్కరు. నిజానికి ఇందులో రేడియం లేదు. వందేళ్ల కిందట నిజంగానే రేడియం పూసేవాళ్లు. అమెరికాలో ఆ పని చేసిన ఆడపిల్లలు కుంచె మొన సన్నగా రావడానికి పెదాలతో తడుపుకుని, దవడ ఎముకలు కుళ్లి చనిపోయారు. వాళ్ల కేసుల తర్వాతే కార్మికుల రక్షణ గురించి అక్కడ గట్టిగా మాట్లాడటం మొదలైంది. ఇప్పుడు పూసేది స్ట్రాన్షియం కలిసిన పొడి, 1990ల్లో జపాన్‌లో వచ్చింది. వెలుతురు తాగి మెల్లగా విడిచిపెడుతుంది, హాని లేదు. చీకట్లో ఈ చుక్క చూసినప్పుడల్లా ఆ పిల్లలు గుర్తొస్తున్నారు. మిరప కోతలకొచ్చే మా ఆడకూలీల చేతులూ గుర్తొస్తున్నాయి. సాయంత్రానికి వాళ్ల వేళ్లు మండి, మజ్జిగలో ముంచుకుంటారు.

నైలాను పట్టీ తీసేశాను. కోతలు మొదలైన వారానికే అది ఘాటు పీల్చేసింది. రెండుసార్లు సబ్బుతో ఉతికాను, పోలేదు. మొన్న ముఖం తుడుచుకోబోయి పట్టీ కంటికి తగిలింది. పావుగంట కళ్లు తెరవలేకపోయాను. మళ్లీ రబ్బరు బెల్టే వేశాను. ఒక్క తుడుపుతో శుభ్రమవుతుంది. చలికాలం కాబట్టి చెమట లేదు, పొక్కడమూ లేదు. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నైలాను, కోతల నుంచి వేసవి ముందు దాకా రబ్బరు. తోలు బెల్టు ఇక్కడ ఏ కాలానికీ పనికిరాదు. స్టీలు గొలుసు సందుల్లో మిరపగింజలు ఇరుక్కుంటాయని అన్న అనుభవం.

నాలుగున్నర కాబోతోంది. అన్నని లేపాలి. అరగంట ఎక్కువ పడుకోనిస్తే ఏమవుతుంది, లేపను.

మార్చి 21, గురువారం. రాత్రి 10:20

గుంటూరు మిర్చి యార్డు నుంచి ఇప్పుడే వచ్చాను. రాత్రి లారీ ఎక్కించి, తెల్లారేసరికి అక్కడ. ఎటు చూసినా టిక్కీలు, దగ్గు, తుమ్ము. ధర నిరుటిలా లేదు. తుఫానుకి దెబ్బతిన్న చెట్ల కాయలో తాలు ఎక్కువ, దాని రేటు దానిదే. రాసుకోవాలని లేదు.

వాచీ సంగతి ముగించాలి, ఏడాది కాకపోయినా సీజను ముగిసింది.

చొక్కా పొడుగు చేతుల కింద పట్టదు, బొత్తాం విప్పుకోవాలి. బరువు మొదటి నెల తెలిసింది, తర్వాత తెలియలేదు. అద్దం మీద మూడు గీతలు, ఒకటి లోతైనది. రింగు అంచు రంగు ఒకచోట ఊడింది. నడక రోజుకి 9 నుంచి 14 సెకన్లు ముందుకి, తుఫాను తర్వాతా అంతే. నీళ్లు పోలేదు. 200 మీటర్ల లోతు నాకెప్పటికీ పని పడదు. కానీ ఆ లోతు కోసం చేసిన బిగింపు వల్లే పంపు కింద రోజూ నిశ్చింతగా కడుగుతున్నాను. ఆ బిగింపు కోసం డబ్బు పెట్టడం తప్పు కాదు. రింగు కోసమైతే రెట్టింపు పెట్టినా తప్పు కాదు. ఈ వాచీలో నాకు ఎక్కువ పనికొచ్చింది టైము చూపే ముళ్లు కాదు, ఎంత గడిచిందో, ఎంత మిగిలిందో చూపే రింగు.

పట్నాల్లో చాలామంది ఇలాంటివి అందం కోసం కడతారు. కట్టుకోనీ. కానీ రింగు తిప్పి చూడాలి. అన్నం ఉడకడానికైనా, పిల్లవాడి పరీక్షకైనా తిప్పాలి. తిప్పని రింగు దగ్గర దుమ్ము చేరుతుంది.

ఇంట్లో మా ఆవిడ అడిగింది, "ఎన్నేళ్లు?" అని. పదేళ్లు కట్టొచ్చు అని చెప్పాను. "అయితే మావయ్య గారి వాచీ?" అంది. అది పండగలకి. సాయిబు గారు కడిగి ఇచ్చారు, కీ ఇస్తే ముప్పై గంటలు నడుస్తోంది.

జులై 14, ఆదివారం

పైన టైము వెయ్యలేదు. వాచీ ఇంట్లో లేదు.

పొద్దున బాబాయి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "నారుమడికి విత్తనం నానెయ్యాల. నీ వాచీ ఒకసారి ఇస్తావా, ఇరవై నిమిషాలేగా" అన్నాడు. ఆయనింట్లో గోడ గడియారం ఉంది, కోడలి దగ్గర ఫోను ఉంది. విప్పి ఇచ్చాను. చేతికి పెట్టుకుని, బెల్టు ఆఖరి బెజ్జానికి బిగించుకుని వెళ్లాడు.

ఇరవై నిమిషాలు అయ్యాయి, గంటలూ అయ్యాయి. మధ్యాహ్నం నారుమడికి ఆయన వంతు నీళ్లు. సాయంత్రం నేను మోటారు షెడ్డు వైపు వెళ్తే బోరు పక్కన నిలబడి చెయ్యి కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు. నన్ను చూసి దూరం నుంచే అరిచాడు.

"ఒరే, ముక్కోణం చిన్నముల్లు మీదనా, పెద్దముల్లు మీదనా?"

"వంతుకైతే చిన్నముల్లు మీద బాబాయ్."

ఆయన రింగు ఎడమకి తిప్పడం మొదలుపెట్టాడు.